నోటికి పథ్యం, ఒంటికి మీగడ

నేను ఒక ఉగ్గుగిన్నెను. వెండిదాన్ని. అరచేతిలో ఒదిగేంత బొజ్జ, ముందు పాలు జారడానికి చిన్న కొమ్ము. బాపట్లలో వెండిపని చేసే బ్రహ్మాచారి మూడు రోజులు కూర్చుని నన్ను చేశాడు. పసిపిల్లల పెదవి కోసుకోకూడదని నా కొమ్ము అంచును తన పెదవికే ఆనించి చూసుకుంటూ నునుపు చేశాడు. అంత జాగ్రత్తగా పుట్టిన దాన్ని నేను. ఆ జాగ్రత్తంతా ఏ గంగలో కలిసిందో చెబుతాను వినండి.

నన్ను కొన్నది చీరాల పక్కన జాండ్రపేటలో ఒక మగ్గం ఇల్లు. ఆ ఇంటి కోడలు సౌభాగ్యమ్మ ముగ్గురు బిడ్డలకు నాతోనే పాలు పట్టింది. కాళ్ల మీద పడుకోబెట్టుకుని, బుగ్గలు నొక్కి పట్టుకుని పోసేది. సగం మింగేవారు, సగం ఆమె చీర మీదే ఉమ్మేవారు. ముగ్గురికీ పాలు పడ్డాయి. ఎలా పడ్డాయని ఎవరూ అడగలేదు. బాగున్న సంగతికి మనుషులు కారణం వెతకరు.

ముప్పై ఏళ్లకు మనవరాలు హంసిక పుట్టింది. సౌభాగ్యమ్మ నన్ను బీరువాలోంచి తీసి విభూతితో తళతళా తోమింది. నాకు మళ్లీ పని దొరికిందని మురిసిపోయాను.

పిల్లకు రెండో నెలలోనే బుగ్గలు, మోచేతి మడతలు ఎర్రగా పగిలాయి. నెత్తురొచ్చేలా గీరుకునేది. తల్లి ఇందుమతి చనుపాలే ఇచ్చేది. ఆరు నెలలు నిండాక డాక్టరమ్మ, మెత్తటి అన్నంతోపాటు కొంచెం పెరుగు కూడా అలవాటు చేయమంది. సౌభాగ్యమ్మ ఒప్పుకోలేదు.

"పుండ్లున్న పిల్లకి పాలూ పెరుగూ పెడితే చీము పట్టుద్దమ్మా. మానిందాకా పథ్యం ఉండాల్సిందే," అంది కోడలితో. అన్నప్రాసన కూడా తొమ్మిదో నెలకు వాయిదా వేసింది.

నోటికే పథ్యం. ఒంటికి కాదు. చర్మం మెత్తబడాలని రోజూ పొద్దున మీగడ, పచ్చిపాలు, శనగపిండి నాలోనే కలిపి, ఆ పగుళ్ల మీద నలుగు పెట్టేది. ఎంత ప్రేమగా రుద్దేదో నేను చూశాను. పిల్ల కూడా ఆ చేతుల కోసమే ఎదురుచూసేది. స్నానం వేళ అయితే చాలు, పాక్కుంటూ వచ్చి నాయనమ్మ కాళ్ల మీద తనే బోర్లా పడేది.

అన్నప్రాసన నాడు పుస్తకం, కలం, పువ్వు వరుసగా పెట్టి, పాయసం పోసిన నన్నూ పక్కన ఉంచారు. పిల్ల అన్నిటినీ దాటి వచ్చి నన్నే పట్టుకుంది. అందరూ ఘొల్లున నవ్వారు. "తిండిపోతు ముండ!" అని మురిసిపోతూ, ఆ ఒక్క పూటకి పథ్యం పక్కన పెట్టి, సౌభాగ్యమ్మ రెండు చెంచాలు పెట్టింది.

పావుగంట కూడా గడవలేదు. పెదవులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి పిల్లికూతలా మారింది. ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తారు. సూదిమందు అందబట్టి పిల్ల బతికింది. పాయసం మరకతో నేను సౌభాగ్యమ్మ కొంగు ముడిలోనే ఉన్నాను. డాక్టరమ్మ మాటలు అందుకే విన్నాను.

"నోటి దారిన కొంచెం కొంచెం వచ్చేదాన్ని పేగు చుట్టంలా చూస్తుందమ్మా. ఒళ్లు దానికి ఓర్చుకోవడం నేర్చుకుంటుంది. పగిలిన చర్మంలోంచి దూరేదాన్ని దొంగ కింద జమ కడుతుంది. మీగడలో ఉన్న పాల ప్రోటీన్ రోజూ ఆ పగుళ్లలోంచే పోయింది. దాన్ని పట్టుకోడానికి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసి పెట్టుకుంది. పాయసంలో అదే ప్రోటీన్ కనబడేసరికి అన్నీ ఒక్కసారే లేచాయి."

"అప్పుడే నోటికి పెట్టుంటే?" అంది సౌభాగ్యమ్మ.

"బాగుండేదేమో. చెప్పలేం."

ఆ 'ఏమో'ను సౌభాగ్యమ్మ విననే లేదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదు. కొన్ని నెలలాగి ఆసుపత్రిలోనే, డాక్టరు కళ్ల ముందు, ఒక్కో చుక్కతో మొదలుపెట్టి పిల్లకు పాలు అలవాటు చేద్దామన్నారు. మొదటి చుక్క పట్టే రోజు ఇందుమతి అత్తగారిని బతిమాలింది. "మీరు పట్టండత్తయ్యా. మీ ఒళ్లో అయితేనే ఏడవకుండా మింగుద్ది."

సౌభాగ్యమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఈ చేతులొద్దు తల్లీ. ఈ చేతులే దాని కొంప ముంచినయ్."

తల్లి ఒడిలో పిల్ల నోరు బిగించింది, ఏడ్చింది, కక్కింది. మూడో వారం చుక్క పెంచగానే మళ్లీ ఊపిరాడలేదు. ఇప్పటికి ఆపేద్దామన్నారు డాక్టర్లు. ఆ ఇంట్లో పాలు పొంగడం మానేశాయి. స్నానం వేళకు పిల్ల ఇంకా నాయనమ్మ దగ్గరికే వస్తుంది. సౌభాగ్యమ్మ లేచి వెళ్లి మగ్గం గుంటలో కూర్చుంటుంది. గుంట అంచున నిలబడి పిల్ల ఏడుస్తుంటే, వినపడకుండా గబగబా నేస్తుంది. అంతటి దుఃఖం ఇంకే ఇంట్లోనూ చూడకూడదని నాకు అనిపించింది.

నిన్న ఆమె నన్ను కరిగించమని ఇవ్వడానికి బాపట్ల తీసుకొచ్చింది. బ్రహ్మాచారి కొడుకు నా కొమ్ములో సూది పెట్టి గీకాడు. ఎండిన శనగపిండి పొడిపొడిగా రాలింది. సౌభాగ్యమ్మ మొహం తిప్పుకుంది.

"మనవరాలికి పట్టీలు చేయమంటారా అమ్మా?"

"ఏదన్నా చెయ్ నాయనా. పిల్లల్ని తాకేది మాత్రం వద్దు."

ఆమె వెళ్లిపోయింది. తెగిన గొలుసులు, విరిగిన కుంకుమ భరిణెల మధ్య నన్ను పడేసే ముందు అతను నా కొమ్ము అంచు మీద వేలు రాసి చూశాడు. ఇంకా నున్నగానే ఉంది.