గోడ మీద పుంజు, గుమ్మంలో ముగ్గు

"ఇదిగో, లొవిచ్ పుంజు!" అన్నాడు వెంకటరత్నం ట్రంకుపెట్టె తెరుస్తూ. వంటింట్లో పోపు చిటపటల మధ్య నాగేంద్రమ్మకి వినపడింది "లచ్చి పుంజు" అని. ఆ పైన ఆయన ఏమన్నాడో చెవికెక్కలేదు. పోపుకంటే ముందు ఆవిడ మాడింది.

యుద్ధం రోజుల్లో కొల్హాపురం దగ్గర పోలండు కాందిశీకుల శిబిరంలో గుమాస్తాగా చేరి, నలభై ఎనిమిదిలో దాన్ని ఎత్తేస్తే జగ్గయ్యపేట తిరిగొచ్చిన మొగుడాయె. ఎవరీ లచ్చి? అడిగితే చులకనవుతానని ఆయన దగ్గర నోరు కట్టేసుకుని, పక్కింటి సీతారావమ్మ దగ్గర విప్పింది. ఆవిడ చెవిన వేస్తే నందిగామ దాకా టపా ఖర్చుండదు.

పుంజంటే కూసేది కాదు. రంగుకాగితాలు కత్తిరించి, ఒకదానిమీద ఒకటి అతికించిన బొమ్మ. తోకనిండా పూలు. వెంకటరత్నం దాన్ని వసారా గోడకి అంటించి, "ఏం పనితనమున్న చెయ్యండీ అది! పోలండుకి పోలికే లేదు!" అని వచ్చినవాళ్ళందరికీ చూపించాడు.

అంతవరకూ ఆ బజారులో చెయ్యంటే నాగేంద్రమ్మదే. ఆవిడ ముగ్గు దగ్గర ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. ఇప్పుడు దాన్నే తొక్కుకుంటూ పుంజు దగ్గరికి పోతున్నారు.

"నీ ముగ్గు కూడా బానే ఉందిలే వదినా," అంది సీతారావమ్మ దానిమీదే నిలబడి.

ఆ 'కూడా' గుండెల్లో దిగింది. ముగ్గూ పోయె, మగడూ పోయె!

ఉగాదికి వెల్ల వేసేనాడు నాగేంద్రమ్మ కుంచె సున్నంలో ముంచి, పుంజు తల నుంచి తోకదాకా ఒక్క లాగు లాగింది. లచ్చి పని సున్నా! మొగుడేమంటాడోనని బజారంతా గుమ్మంలో చేరింది.

వెంకటరత్నం పకపకా నవ్వాడు. "అచ్చం పోలండువాళ్ళలాగే చేశావే! వాళ్ళూ ఈస్టరు పండక్కి పాతబొమ్మలు పీకి, వెల్ల వేసి, కొత్తవి అంటిస్తారు. పొద్దున్నే ముగ్గు చెరిపి మళ్ళీ వేస్తావని నీ సంగతి చెబితే, శిబిరంలో ఈ పుంజుని చేసిన హెలెనా మామ్మ ముచ్చటపడి నీకిమ్మంది. వచ్చినరోజే చెప్పాగా?"

"మామ్మా? మరి లచ్చి ఎవతండీ?"

"లచ్చి ఏంటే? లొవిచ్! ఆవిడ పుట్టిన ఊరు. ఈ బొమ్మలకి పెట్టింది పేరు."

వెల్ల వేస్తే అంతా వెల్లడైంది. బజారు గొల్లుమంది. నాగేంద్రమ్మ మొహం ఎర్రబడిందే గాని మంట చల్లారలేదు.

"ఆ మామ్మ దేంతో కత్తిరిస్తుంది?"

"గొర్రెల బొచ్చు తీసే కత్తెరతో."

"గొల్ల వీరరాఘవయ్యనడిగి నాకూ ఒకటి తెప్పించండి. ఎవరి పుంజు బాగుంటుందో చూద్దాం!" అని సీతారావమ్మ వైపు తిరిగింది. "వదినా, లచ్చి ఆడది కాదు, ఊరని నందిగామలో కూడా చెప్పు. ముందు నా ముగ్గు మీంచి దిగి చెప్పు!"