ప్రింటరు మూత మీది రాయి

కొంటా బస్టాండు పక్కన పనిచేసే శ్రీరంగం తెరవలేని ఫైలు, అచ్చు తీయలేని కాగితం ఈ భూమ్మీద పుట్టలేదు. ఒకసారి సుక్మాలో ఒక ప్రింటరు, ఆయన బస్సు దిగాడన్న కబురు వినగానే, మూడు రోజుల కిందట మింగిన కాగితాన్ని తనంతట తానే కక్కేసింది. చూసినవాళ్ళున్నారు.

ఆ ఉదయం కూడా ఆయన షట్టరు ఎత్తి, ప్రింటరు మూత మూసి, దాని కుడి మూల మీద శబరి ఏటి రాయి పెట్టాడు. మూత కీలు విరిగి ఆరేళ్ళయింది. రాయి తీస్తే మూత తెరిచి ఉందని తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. పెడితే పోతాయి. కొత్త మూత తెప్పించుకొమ్మని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినిపించుకోలేదు. ఆ రాయిని భార్య సావిత్రి ఏటికి బట్టలు ఉతకబోయి కొంగులో వేసుకొచ్చింది.

అంగడి చక్రధరరావుది. అందులో కుర్చీ మాత్రం పంతొమ్మిదేళ్ళుగా శ్రీరంగానిది. తెర వైపు వంగీ వంగీ మెడ కొంగలా ముందుకు సాగింది. మీటలు నొక్కీ నొక్కీ చూపుడువేలి కొన చదునైంది. కళ్ళజోడు ఒక కాడకు దారం కట్టుకున్నాడు.

ఎవరూ రాకముందే, రోజూలాగే, 'చూద్దాం' అని పేరున్న ఫైలు మీద నొక్కాడు. తాళపు మాట, అంటే పాస్‌వర్డు, అడిగింది. ఏదో కొట్టాడు. తప్పంది.

తెరవలేని ఫైలు లేదని మొదట్లో అన్నాం కదా, ఇదిగో ఒకటుంది. అంత గొప్పలో ఆ మాత్రం చిల్లు లేకపోతే మనిషికి గాలి ఆడదు. జబ్బుపడ్డ ఏడాది వానాకాలమంతా సావిత్రి ఈ అంగట్లోనే స్టూలు మీద కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో రాసింది. రాసి, తాళం వేసింది.

"అందరి ఫైళ్ళూ తెరుస్తరు కదా, ఇది తెరవుండ్రి చూద్దాం" అంది నవ్వుతూ.

ఆమె పోయి నాలుగేళ్ళు. ఆమె పుట్టిన ఏడు, పెళ్ళయిన ఏడు, కూతురు పుట్టిన ఏడు, అన్నీ వేసి చూశాడు. ఒక్క పేజీ కోసం, అందులో తన గురించి ఒక్క ముక్క ఉంటే దాని కోసం, రోజూ పొద్దున్నే వేలు చాస్తున్నాడు.

పది గంటలకు భేజ్జి వైపు నుంచి ఇర్మె వచ్చింది. మేనల్లుడి ఫోను కొంగున ముడి వేసుకొచ్చింది. ఆమె మొగుడు దేవా నిరుడు ఏటికి అవతల మిరపకాయలు ఏరడానికి పోయి అక్కడే చనిపోయాడు. ఊరి బయట అతని పేర రాయి నిలబెట్టారు. ఆ రాయి మీద బొమ్మ వేసే మనిషి రేపు వస్తాడు, మొహం చూపించమన్నాడు. దేవాకు ఒక్క ఫోటో లేదు. బతికుండగా ఎవరో ఫోనులో దింపిపెట్టిన ఆధార్ ఫైలు తప్ప.

ఆ ఫైలుకు తాళం. పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. అది ఆమెకేం తెలుసు? ఎనభై ఆరు వరదకు మేకలు కాసే పిల్లాడట. శ్రీరంగం లెక్కగట్టి డెబ్బై ఆరు వేశాడు. కాదంది. డెబ్బై అయిదు, డెబ్బై ఏడు కూడా కాదంది ఫైలు.

ఆయన కుర్చీ ఇటు తిప్పాడు. ఈ అడవి ఊళ్ళలో పుట్టిన ఏడు ఎవరూ చెప్పలేరు. ఆధార్ క్యాంపువాళ్ళు మనిషిని ఎగాదిగా చూసి, తోచిన ఏడు రాసి, అందరినీ జనవరి ఒకటినే పుట్టించారు.

"ఎప్పుడు పుట్టిండో వద్దు చెల్లే. క్యాంపుకు పోయిన్నాడు ఎట్లున్నడో చెప్పు."

ఇర్మె గడప వైపు చూస్తూ చెప్పింది. ఆ రోజు జ్వరమట. నెల రోజుల గడ్డమట. ఎండలో కూడా గొంగడి కప్పుకుని, ఆమె భుజం పట్టుకుని నడిచాడట.

శ్రీరంగం అరవై వేశాడు. కాదంది. యాభై అయిదు వేశాడు. తెరుచుకుంది.

అచ్చు తీస్తే మొహం ఉండాల్సిన చోట నల్లటి మచ్చ వచ్చింది. ఇర్మె ఆ మచ్చనే వేలితో తడిమింది. ఆయన ఆ కాగితం మెల్లగా లాక్కుని, పేజీ మొత్తాన్నీ బొమ్మలాగా అచ్చు వేయమనే గడిలో టిక్కు పెట్టి, రాయిని ఇంకొంచెం మూలకు జరిపాడు. ఈసారి దేవా వచ్చాడు. గుంటకళ్ళు, గడ్డం, గొంగడి.

"బొమ్మ వేసెటోనికి గడ్డం తియ్యమని చెప్పు" అన్నాడు శ్రీరంగం.

"వద్దన్నా. నిజంగ ముసలోడు కాకుండనే పాయె. రాయి మీదన్న కానీ."

ఆమె వెళ్ళాక ఆయనకు తమ రేషన్ కార్డు గుర్తొచ్చింది. అది రాసిన గుమాస్తా మొగుడి ఏడు పెళ్ళానికి, పెళ్ళాం ఏడు మొగుడికి వేశాడు. ఊరందరి కార్డులూ దిద్దించిన శ్రీరంగం అది దిద్దించలేదు. ఏడేళ్ళు చిన్నదైన సావిత్రి, కాగితం మీద ఏడేళ్ళు పెద్దదై, "పెద్దదాన్ని చెప్తున్న, ఇనుండ్రి" అని బతికినన్నాళ్ళూ దబాయించింది. ఈ నాలుగేళ్ళలో ఆమె నిజం ఏడు వేశాడు గానీ, ఆ అబద్ధపు ఏడు ఒక్కసారీ వేయలేదు.

సాయంత్రం అంగడి సర్దుతూ వేశాడు. ఆమె పేరు, పక్కన తాను పుట్టిన ఏడు.

ఫైలు తెరుచుకుంది. అరపేజీ ఉంది. చదివాడు, మళ్ళీ చదివాడు. ఒక ప్రతి అచ్చు వేసి, ట్రేలోనే ఉంచి, దీపం ఆర్పి ఇంటికి పోయాడు.

మర్నాడు షట్టరు ఎత్తింది చక్రధరరావు. శ్రీరంగం నిద్రలోనే వెళ్ళిపోయాడని, కప్పుకున్న దుప్పటి కూడా నలగలేదని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఈ కథ చెప్పేవాడు కల్పించింది ఒక్కటే. ఇర్మె అన్న మాట నిజం. సుక్మా ప్రింటరు సంగతి అంతకన్నా నిజం. ఆ సాయంత్రం ఆయన ఆ ఏడు వేసి చూడడమూ నిజమే. ఫైలు మాత్రం తెరుచుకోలేదు. ట్రేలో కాగితం లేదు. చక్రధరరావు దుమ్ము తుడవబోయి ప్రింటరు మీది రాయి ఎత్తాడు. మూత తెరిచి ఉందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. గబుక్కున పెట్టేశాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది, శబరి నీళ్ళు నునుపు చేసిన వైపు పైకి.