దుకాణాలు విప్పిన చప్పుడు

యూగెట్ ముసలమ్మ మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. గురువారం సంతలో, నా గిన్నెల దుకాణం ముందే. ఆమె చేతిలో ఉన్నది నేను అమ్మిన మూకుడు. దాన్ని గరిటెతో వాయిస్తూ నిలబడింది, అంతే. పోలీసు వచ్చి లాగాడు. ఆమె వదల్లేదు. వాడు మెలిపెట్టాడు.

ఎందుకు వాయించిందో ఊరందరికీ తెలుసు. దేశాధ్యక్షుడి సంతకంతో మా ఆసుపత్రిలో రాత్రిపూట అత్యవసర వైద్యం ఆగిపోయింది. ఆ చలికాలమే ఆమె మొగుడు గుండెనొప్పితో, దూరపు ఆసుపత్రికి పోతూ మంచు కప్పిన కొండదారిలో, అంబులెన్సులోనే పోయాడు. మా వైపు పూర్వం నుంచీ ఒక అలవాటుంది. ఊరిని ముంచినవాడి కిటికీ కింద నిలబడి గిన్నెలు వాయిస్తారు. అధ్యక్షుడి కిటికీ పారిస్‌లో ఉంది. అందుకని ఆమె సంతలో వాయించింది.

మరునాడే హుకుం వచ్చింది. వచ్చే గురువారం అధ్యక్షుడు మా సంత చూడటానికి వస్తున్నాడు. చప్పుడు చేసే సామాను ఎవరి దగ్గరా ఉండకూడదు. గిన్నెలు అమ్మకూడదు.

నేను వ్యాపారిని. రాజకీయం నా సరుకు కాదు. ఎవడు గెలిచినా జనం వండుకోవాలి, నా గిన్నెలు అమ్ముడుపోతాయి అని లెక్క వేసుకుని, ఏనాడూ ఓటు వెయ్యలేదు. ఆ హుకుంతో నా లెక్క తలకిందులైంది. ఆ అధ్యక్షుడు ముసలమ్మ చెయ్యి విరిపించి, ఇప్పుడు నా దుకాణం మీద చెయ్యి వేశాడు. దీనికి బదులు తీర్చుకుని తీరాలనుకున్నాను.

సాయంత్రం సంతవాళ్లమంతా కాఫీ హోటల్లో కూడాం.

"కెమెరాలొస్తాయి, జనమొస్తారు. ఒక్కరోజు నోరు మూసుకుంటే ఏం పోతుంది?" అన్నాడు మాంసం కొట్టు బాస్తియాన్.

"నీకేం పోతుందిలే. నీ సాసేజీ కొరుకుతూ వాడు ఫొటో దిగుతాడు. గోడకి తగిలించుకో." యూగెట్ కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది. "అర్ధరాత్రి గుండె పట్టేస్తే ఆ ఫొటోనే నీకు వైద్యం చేస్తుంది."

అందరూ నవ్వారు. బాస్తియాన్ నవ్వలేదు.

"గిన్నెల్లేకుండా ఏం వాయిస్తాం మదామ్? నా ఆలివ్ కాయలా?" అన్నాడు ద్రిస్. నా పక్క దుకాణం అతనిదే.

"సంత అయ్యాక ఏం చేస్తాం?" అన్నాను.

"దుకాణాలు విప్పుతాం."

"గొట్టాలు ఎక్కడ పడేస్తాం?"

ద్రిస్ పళ్లన్నీ బయటపెట్టాడు. మా చౌరస్తా అంతా రాతి నేల. ప్రతి గురువారం దుకాణాల పందిళ్లు నిలబెట్టే మా ఇనప గొట్టాలు దాని మీద పడుతుంటే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చెవులు మూసుకుని తిడతారు.

"లైసెన్సులు లాక్కుంటారు సోలాంజ్!" అన్నాడు బాస్తియాన్. "నాకు సంత తప్ప ఇంకోటి తెలీదు."

"ఇద్దరివైతే లాక్కుంటారు. అందరివీ లాక్కుని ఊరికేం పెడతారు?"

గురువారం పోలీసులు సంచులన్నీ వెతికారు. చెంచాలు కూడా పట్టుకుపోయారు. అధ్యక్షుడు నవ్వుకుంటూ వచ్చి బాస్తియాన్ దగ్గర ఆగాడు. సాసేజీ ముక్క నోటిదాకా తీసుకెళ్లాడు. కెమెరాలు చుట్టూ మూగాయి.

"తినండి సార్," అన్నాడు బాస్తియాన్. "అరక్కపోతే రాత్రి మా ఆసుపత్రికి మాత్రం వెళ్లకండి. మూసేశారు."

మొదటి గొట్టం పడింది అతని దుకాణం నుంచే.

తర్వాత ద్రిస్‌ది, నాది, అందరివీ. రాళ్లు మోగాయి. అధ్యక్షుడి పెదాలు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు.

"ఆపండి!" అని అరిచాడు పోలీసు అధికారి.

"దుకాణం సర్దుకుంటున్నాం సార్. అది కూడా నేరమేనా?" అన్నాడు ద్రిస్.

చప్పుడు ఆగేసరికి చౌరస్తాలో ఒక్క దుకాణం మిగల్లేదు. మధ్యలో అధ్యక్షుడు ఒక్కడే, చేతిలో కొరకని ముక్కతో. దేశమంతా చూసింది.

పోలీసులు నన్ను వ్యానెక్కించారు.

"మీ నాయకుడెవడు?"

"మీ అధ్యక్షుడే. నలభై ఏళ్లు పక్కపక్కన బతికి ఒకరి మాట ఒకరం వినలేదు. మమ్మల్ని కూడగట్టింది ఆయనే."

సాయంత్రం వదిలేశారు. స్టేషను బయట అందరూ నిలబడి ఉన్నారు. బాస్తియాన్ చేతిలో వైన్ సీసా.

"అది తర్వాత. మునిసిపల్ ఆఫీసు మూసేస్తారు, నడవండి," అన్నాను.

అంతమందిని చూసి గుమస్తా కంగారుపడ్డాడు. "అందరూ ఓటు నమోదుకేనా?"

"ఓటుకే కాదు," అన్నాను. "వచ్చే ఎన్నికల్లో లెక్కింపు బల్లల దగ్గరా మేమే కూర్చుంటాం." మా దేశంలో ఓటు కవర్లు విప్పి లెక్కపెట్టేది మామూలు ఓటర్లే. ఆ అధ్యక్షుడి ఓటమిని నా వేళ్లతో విప్పాలి, పైకి చదవాలి.

యూగెట్ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఒక కుర్చీ నాకు. అప్పటికి ఈ చెయ్యి అతుక్కుంటుంది."