తొమ్మిదో నంబరు ఇంజన్

మా క్లబ్బులో పిల్లల కార్టు పందేలకు టైము రాసేది నేనే. నేలకు జానెడెత్తున కూర్చుని నడిపే ఆ చిన్న బండ్ల ఇంజన్లు తనిఖీ చేసేది చెవులత్త. పాతికేళ్లు నీళ్ల మోటార్లు బాగుచేసిన మనిషి. చప్పుడు వింటే చాలు, జబ్బెక్కడుందో చెప్పేస్తుంది. అందుకే పిల్లలు ఆ పేరు పెట్టారు. నేను మాత్రం అక్కా అనేవాణ్ణి.

ఆ ఏడు పన్నెండేళ్లలోపు పిల్లల పందెంలో ఐదుగురే మిగిలారు. ఎవరి నాన్న ఇంజన్‌కు ఎక్కువ మెరుగులు దిద్దిస్తే వాళ్లదే గెలుపు. టైర్ల షాపాయన కొడుకు వరసగా పదకొండు పందేలు గెలిచాడు. మొదటి మలుపు దాటితే వాడి దరిదాపుల్లో ఎవరూ ఉండేవారు కాదు. ఓడి ఓడి విసిగిన పిల్లలు ఒక్కొక్కరే మానేశారు.

కమిటీలో అక్క లేచింది. "పందేల్లో కొత్త తరగతి పెడదాం. అందరికీ ఒకే రకం చిన్న ఇంజన్, అదీ క్లబ్బుదే. నేను సరిచూసి సీలు వేస్తాను. పందెం రోజు పొద్దున చీటీలో ఏది వస్తే అది బిగించుకోవాలి."

"మావాడు గెలవడం గిట్టకేనా ఇదంతా?" అన్నాడు టైర్ల షాపాయన.

"గెలుస్తున్నది వాడో, నీ ఇంజనో వాడికి తెలియొద్దా తమ్ముడూ?"

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. ఒక్క ఓటు తేడాతో అక్క మాట నెగ్గింది.

పదమూడు ఇంజన్లు వచ్చాయి. పందేనికి పన్నెండు, అదనంగా ఒకటి. ఒక్కోదాన్నీ బల్లకు బిగించి, తిప్పి, విని, విప్పి మళ్లీ బిగించింది. మూడు వారాలు ఆమె చేతులకు గ్రీజు వదల్లేదు.

పందెం రోజు మానేసినవాళ్లూ, కొత్తవాళ్లూ కలిసి పన్నెండుమంది పిల్లలొచ్చారు. మొదటి పరుగులో కళ్లజోడు పిల్ల గెలిచింది. టైర్ల షాపాయన కొడుకు నాలుగో వాడు. అందరికంటే వెనక, సగం చుట్టు తేడాతో వచ్చినవాడు పోస్ట్‌మాన్ కొడుకు. వాడికదే మొదటి పందెం. హెల్మెట్ తీయకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "మొదటిసారేగా నాన్నా," అని వాళ్లమ్మ వీపు నిమురుతోంది.

టైర్ల షాపాయన విసవిసా మా బల్ల దగ్గరికొచ్చాడు. "గెలిచిన ఇంజన్‌లో ఏదో మతలబుంది. విప్పండి."

"దాంట్లో ఏమీ లేదు," అంది అక్క. "తప్పు తొమ్మిదోదాంట్లో ఉంది. ఐదో చుట్టు నుంచి దాని గొంతు పడిపోయింది."

తొమ్మిదోది పోస్ట్‌మాన్ కొడుక్కి వచ్చింది.

"వాళ్లెవరూ అడగలేదుగా అక్కా," అన్నాను గొంతు తగ్గించి. "అదనపుది పెట్టేస్తే సరి."

"సరిపోదు. తనకే చేతకాలేదనుకుంటున్నాడు వాడు."

మైకు అందుకుంది. "తొమ్మిదో ఇంజన్‌లో వాల్వు దగ్గర సందు మరీ తక్కువ పెట్టినట్టున్నాను. వేడెక్కితే బలం తగ్గుతోంది. పొరపాటు నాది, బాబుది కాదు. మొదటి పరుగు లెక్కలోకి రాదు."

గెలిచిన పిల్ల ముఖం చిన్నబోయింది. అక్క వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నీ కష్టం వృథా చేశాను తల్లీ." ఆ పిల్ల సరేనన్నట్టు తలూపింది.

అందరి ముందూ తొమ్మిదోదాని సీలు తెంచింది. వాల్వు దగ్గర ఉండాల్సిన సందంత మందమున్న కొలత రేకు టైర్ల షాపాయన చేతికే ఇచ్చింది. ఆయన వంగి, రెండుసార్లు దూర్చి చూశాడు. దూరలేదు.

"మరి గెలిచిన పిల్లది విప్పమంటావా?" అంది అక్క.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "అక్కర్లేదు లెండి."

తొమ్మిదోదాని బదులు అదనపుది బిగించి మళ్లీ పరుగు పెట్టాం. కళ్లజోడు పిల్ల మళ్లీ గెలిచింది. పోస్ట్‌మాన్ కొడుకు ఏడో వాడు. వాడి టైము నేను రెండుసార్లు చూసుకుని రాశాను. వెనక నుంచి నాలుగో చోట మొదలైన టైర్ల షాపాయన కొడుకు మూడోవాడిగా వచ్చి, బండి దిగుతూనే తండ్రి దగ్గరికి పరిగెత్తాడు.

"నాన్నా, ఇవాళ ఆరుగుర్ని దాటాను. ఒకణ్ణి మలుపులోనే."

"చూశానురా," అన్నాడాయన. కొడుకు తల మీద చెయ్యి వేశాడు.

మరుసటి నెల అక్క బల్ల దగ్గరికి ఆయనే వచ్చాడు. ఇంజన్లు వేడెక్కాక కొలతలు తాను చూస్తానన్నాడు. ఆమె జరిగి చోటిచ్చింది. ఏడాది చివరికి ఆ తరగతిలో ఇరవై ఇద్దరు పిల్లలయ్యారు. నాకు టైము రాసే కాగితాలు చాలడం లేదు.