శ్రవణికి పేరుంది

"కొత్తగ వచ్చినోళ్లు అడగొద్దు పిల్లా. చూసి నేర్సుకోవాలె."

పెళ్లయి తొండుపల్లికి వచ్చిన మర్నాడు, పప్పులో చింతపండు ఎంత వెయ్యమంటారని అడిగితే మా అత్త రుక్మిణమ్మ అన్న మాట ఇది. సరేనని చూసి వేశాను. పులుపెక్కువైంది. "అడగరాదా? నోట్లె నాలుక లేదా? మీ అమ్మ ఏం నేర్పిందో ఏమో!" అన్నది. అడిగితే నాది తప్పు, అడక్కపోతే మా అమ్మది తప్పు. నాలుగేళ్లు గడిచినా ఆ ఇంట్లో నేను ఇంకా కొత్తదాన్నే. అంట్లు తోమడానికి మాత్రం మొదటి రోజు నుంచే పాతదాన్ని.

పేరు కూడా పోయింది. పూర్ణిమ అని నా డిగ్రీ పట్టా మీద ఉంది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను, బీఎస్సీ కంప్యూటర్స్. ఇక్కడ మాత్రం అత్తకు "ఓ పిల్లా", మామకు "బిడ్డా", వాడకట్టుకు "నరేందర్ పెండ్లాం". నరేందర్ "ఇగో" అంటాడు. పెళ్లికి ముందు నేను ఎయిర్‌పోర్టు పక్కన ఒక సరుకుల గోదాములో కంప్యూటరు పని చేసేదాన్ని. లెక్కలు తేడా వస్తే నేనే సరిచెయ్యాలి, పెద్దసారు వస్తే చాయ్ కూడా నేనే తేవాలి, ఎందుకంటే అక్కడ నేనొక్కదాన్నే ఆడదాన్ని. అయినా జీతం చీటీ మీద నా పేరు ఉండేది. పెళ్లయ్యాక నరేందర్, "షిఫ్టులంటే అమ్మ పరేషాన్ అయితది, జర సోచాయించు" అన్నాడు. ఆలోచించాల్సింది ఎప్పుడూ నేనే కాబట్టి మానేశాను.

మామ రాములుకు షుగరుతో చూపు పోయింది. రోజూ పొద్దున ఆయనకు పేపరు చదివి వినిపించడం కూడా నా పనుల్లో చేరింది. అది నాకు బరువు కాదు. పొయ్యి మీద కూర మాడుతుంటే "గా భూముల ధరలు మళ్లొకపాలి సదువు బిడ్డా" అంటాడు, అవతల "కూర మాడవెట్టింది" అని అత్త అంటుంది, ఆ రెండు మాటల మధ్య నలగడమే బరువు.

నరేందర్‌కు కంపెనీవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చారు. పాతది నా ముందు పెట్టి "వంటల వీడియోలు చూసుకో" అన్నాడు. నేను దాంట్లో శ్రవణిని వెతికి పట్టుకున్నాను. శ్రవణి అంటే తెర మీద ఉన్న తెలుగును పైకి చదివే సాఫ్ట్‌వేర్. ఓపెన్ సోర్సు అంటారు, దాన్ని ఎవరూ అమ్మరు. ఎక్కడెక్కడి వాళ్లో తీరిక చేసుకుని రాస్తారు, రాసిందంతా అందరికీ కనిపించేలా పెడతారు. తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్ది పంపొచ్చు. మామను కుర్చీలో కూర్చోబెట్టి, కింది బాణం మీట ఎక్కడుందో వేలు పట్టి చూపించాను. నొక్కితే ఒక వాక్యం, మళ్లీ నొక్కితే ఇంకోటి. మామ చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అత్తకు కూడా నచ్చింది. "శ్రవణిని వెట్టు, శ్రవణి సదువుతది" అనేది. యంత్రానికి పేరుంది. పేరు పెట్టి పిలుస్తారు కూడా.

భూముల ధరల దగ్గర మాత్రం శ్రవణి తడబడింది. ఎకరం 1,50,00,000 అని ఉంటే "ఒకటి, యాభై, సున్నా సున్నా, సున్నా సున్నా సున్నా" అని చదివింది. "సున్నాలు మస్తు వచ్చు గీ పోరికి" అన్నాడు మామ. మూడేసి అంకెలకు కామా పెట్టే లెక్క మాత్రమే దానికి తెలుసు, మన లక్షలు, కోట్లు తెలియవు. ఇది నేను దిద్దగలనేమో అనిపించింది. ఆ ప్రాజెక్టు పేజీలో కొత్తవాళ్ల కోసం రాసిన మాటలు వెతుక్కుని చదివాను.

"ముందు మా సూచనల ప్రకారం ఇన్‌స్టాల్ చేసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో మాకు రాయండి. మేం ఈ దారికి అలవాటుపడి గుంతలు చూడటం మానేశాం. అవి మీకే కనిపిస్తాయి. అడగడానికి మొహమాటపడకండి."

 అది చదివితే సంతోషం కాదు, నాకు కోపం వచ్చింది. ముక్కూమొహం తెలియని వాళ్లు, డబ్బు తీసుకోని వాళ్లు, కొత్తగా వచ్చిన మనిషి ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలనుకున్నారు. నాలుగేళ్లలో మా ఇంట్లో ఒక్కరు అడగలేదే! నేను తట్టుకుని పడితే నా కాలిదే తప్పన్నారు కానీ, గుంత ఉందని ఎవరన్నా ఒప్పుకున్నారా?

వాళ్లు చెప్పినట్టే చేసి చూశాను, మధ్యలో ఒకచోట ఆగిపోయాను. ఆ చోటు గురించి అందరికీ వెళ్లే వాళ్ల మెయిల్ జాబితాకు రాశాను. ప్రాజెక్టు చూసుకునే అనుపమ గారు విజయవాడ నుంచి జవాబిచ్చారు. "మంచి ప్రశ్న అడిగారండీ. ఆ మెట్టు మా సూచనల్లోనే లేదు. మీరే రాసి పంపుతారా?" పంపాను. అదే నా మొదటి పని. ఆ ధైర్యంతో కామాల సంగతి ఎత్తుకున్నాను. మధ్యాహ్నం అంట్లు అయ్యాక, నల్లా నీళ్లు వచ్చేలోపు కూర్చునేదాన్ని. "గా డబ్బా ముంగట కూసుంటె కడుపు నిండుతదా?" అని అత్త వరండాలోంచి అనేది. మార్పు చేసి పంపాను. తిరిగి వచ్చింది. "కామాలన్నీ తీసేస్తే 3,5,7 అని విడివిడిగా రాసినవి కూడా ఒకే సంఖ్య అయిపోతాయి, చూడండి" అన్నారు అనుపమ గారు. నిజమే. దిద్దాను. మళ్లీ తిరిగి వచ్చింది, సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే పరీక్షలు రాయలేదని. రాశాను. ఆమె తప్పును తప్పంది. నన్నేమీ అనలేదు. మా అమ్మ ఊసెత్తలేదు.

కొత్త శ్రవణి విడుదలైంది. "ఒక కోటి యాభై లక్షలు" అని చదివింది. "ఇగ తెలివొచ్చింది పోరికి!" అన్నాడు మామ. ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం నరేందర్ మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"అమ్మా, నోరు తెరువు. ఆఫీసుల నా పేరు మోగిపోయింది."

శ్రవణివాళ్లు సాయం చేసినవాళ్లందరికీ కృతజ్ఞతల మెయిల్ పంపారు. అది నాకు రాలేదు, నరేందర్‌కు వెళ్లింది. మనం దిద్ది పంపే ప్రతి మార్పు మీద ఎవరు చేశారో కంప్యూటరే రాసి పెడుతుంది. ఆ పాత ల్యాప్‌టాప్‌లో ఆయన పేరు, ఆయన మెయిల్ ఎప్పుడో పెట్టి ఉన్నాయి. మార్చాలని నాకు తెలియదు. నా మెయిల్ నుంచి రాసిన ఉత్తరాల కింద పూర్ణిమ అని రాస్తూనే ఉన్నాను, పని మాత్రం నరేందర్ పేరుతో వెళ్లిపోయింది. అది కంప్యూటరు చేసిన పొరపాటు. ఆ మెయిల్ తీసుకెళ్లి వాళ్ల మేనేజరుకు చూపించింది మాత్రం కంప్యూటరు కాదు.

"శనివారం నన్ను మాట్లాడమన్నరు. ఓపెన్ సోర్సుల కొత్తోళ్లు ఎట్ల పని చెయ్యాలె అని. నువ్వు జర స్లయిడ్లు తయారు చెయ్యి" అన్నాడు.

"అది నేను చేసిన పని" అన్నాను.

"నాకెర్క లేదా? మనిద్దరిట్ల నీది నాది ఏంది? పేరుదేమున్నది, పనైంది గద!"

"మొగనికి పేరొస్తె పెండ్లానికి రానట్టా? పెద్ద చదువు చదివినవు, గింత తెల్వదా?" అని అత్త మిఠాయి నా చేతిలో పెట్టింది.

పేరుదేముందట. ఏమీ లేకపోతే ఆయన ఎందుకు తీసుకున్నాడు? ఇద్దరిదీ ఒకటే అయితే ఎంగిలి గిన్నెల మీద ఆయన పేరు ఎందుకు లేదు? మాడిన కూర నాది, పులుపెక్కిన పప్పు నాది, పిల్లలు ఆలస్యమైతే లోపం నాది. అప్పుడు ఎవరూ నీది నాది ఏంది అనలేదు. మొదటిసారి నేను చేసిన పని బాగుందని ఎవరో అనేసరికి ఇద్దరం ఒకటైపోయాం! గోదాములో చాయ్ మోశాను, ఇక్కడ కాపురం మోశాను, ఇప్పుడు ఆయన గొప్పకు స్లయిడ్లు కూడా మోయాలి. మిఠాయి తినలేదు. ఈగలు ముసిరితే అత్తే తీసి పారేసింది.

మర్నాడు అనుపమ గారికి జరిగింది జరిగినట్టు రాశాను. "మెయిల్లో ఒక పేరు, పనిలో ఇంకో పేరు చూసి నేను అడగాల్సిందండీ. అది నా పొరపాటు కూడా. పాత చరిత్రను చెరపలేం కానీ, ఫలానా పేరుతో ఉన్న పని నిజానికి ఫలానా వారిదని చెప్పే ఫైలు ఒకటుంది. దాంట్లో ఒక వరుస చేర్చి పంపండి, కలుపుతాను" అని రాశారు.

ముందు ల్యాప్‌టాప్‌లో నా పేరు పెట్టాను. మీ అత్తనడిగావా, మీ ఆయనకు చెప్పావా అని అది అడగలేదు. తర్వాత ఆ ఒక్క వరుస రాసి పంపాను. స్లయిడ్లు కూడా తయారు చేశాను. చెప్పిన పని చెయ్యకుండా ఉండటం నాకు అలవాటు లేదు.

శుక్రవారం సాయంత్రం నరేందర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. పక్క కుర్చీలో మామ, గడప దగ్గర అత్త. మొదటి స్లయిడ్ చూసి ఆయన ముఖం మారింది.

"ఇదేంది? గిది సూపెట్టాల్నా నేను?"

"కొత్తోళ్లు మొట్టమొదట చేసే తప్పు అదే. నేను చేసిన గనక మొదలే పెట్టిన."

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?"

"నీ ఇజ్జత్ నేను తీసుకోలే. నా పని నేను తీసుకున్న. గిట్లనే సూపెట్టు, లేకుంటె నన్ను తోల్కపో, నేనే చెప్త."

"మొగనితోటి గట్లనేనా మాట్లాడేది!" అని అత్త లేచింది.

"ఏందిర లొల్లి? గాడ ఏం రాసున్నది?" అన్నాడు మామ.

నరేందర్ ల్యాప్‌టాప్ మూయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఎవరినీ అడక్కుండా కింది బాణం మీట నొక్కాను. శ్రవణి తన చప్పిడి గొంతుతో, ఎవరి ముఖమూ చూడకుండా చదివింది.

"మొదటి పని. మీ కంప్యూటరులో మీ పేరు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. అందుకే నేను చేసిన పని నా భర్త పేరుతో వెళ్లింది. ఇట్లు, పూర్ణిమ."

ఇంటి మీదుగా ఒక విమానం దిగుతోంది. ఆ మోత తగ్గగానే మామ నా వైపు తల తిప్పాడు.

"అంటె గా సున్నాలు సక్కజేసింది..." అని ఆగాడు. "ఆఖరుకు పేరేదో చెప్పింది. మళ్లొకపాలి సదివియ్యి బిడ్డా."

నేను శ్రవణిని ఆపేశాను.

"పూర్ణిమ, మామా. రేపు ఆఫీసుకు పొయ్యి మాట్లాడేది ఆమెనే."