ఒరిగిన పీట

వంటింటి నేల పల్లానికి జారిపోతోంది, వరహాలమ్మ కుచ్చిళ్ళు ఎగదోపుకుని గోడ పట్టుకుని నడుస్తోంది, గోడేమో ఇంకా ఆరని నీలం రంగై అరచేతికి అంటుకుంటోంది, అయినా ఆవిడకి అదేమీ వింతగా లేదు. వింతల్లా గవర్రాజు మాస్టారు పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని బొమ్మ వేస్తూ ఉండడమే. ఆయన పోయి రెండు వేసవులైంది. బతికుండగా వంటింటి గడప తొక్కితే ఒట్టు.

"డ్రాయింగు మాస్టారని పేరే గానీ, ఒక్క పీట తిన్నగా వెయ్యలేకపోయారేంటండీ?" అంటుంది. అడగాలనుకున్నది అది కాదు.

ఇంట్లో సామానంతా వేశారాయన: కోపంతో ఎర్రబడ్డ అట్లపెనం, ఏడుపుమొహం పెట్టుకున్న కాఫీ ఫిల్టరు. ఊళ్ళోవాళ్ళ మొహాలు అడిగిందే తడవుగా వేసిచ్చారు. కట్టుకున్నదాన్ని మాత్రం ఒక్కసారీ వెయ్యలేదు. ఆవిడ కూర్చునే పీట బొమ్మయితే మరీ అన్యాయం, ఒక పక్కకి ఒరిగిపోయి, పటం అంచున కుంచె తుడిచినట్టు ఓ పసుపు చారతో. చూసినవాళ్ళు నవ్విపోతారని ఆవిడ పటాన్నే వంకరగా తగిలించి, పీటని తిన్నగా నిలబెట్టింది.

"పటం అలా పెట్టావేంటే?" ఆయన నవ్వుతుంటే పొయ్యి పొగ రైలు పొగవుతుంది, వంటిల్లు సామర్లకోట స్టేషనవుతుంది, పెనం గోడనుంచి గంటలా మోగుతుంది.

"ఇక్కడికెందుకొచ్చామండీ?"

"మీ చెల్లెలి పురిటికి వెళ్తున్నావుగా. నిన్ను రైలెక్కించి ఇంటికెళ్తే ఇల్లంతా ఓ పక్కకి ఒరిగిపోయిందే వరాలూ. ఏ సామాను చూసినా అంతే."

వరహాలమ్మ అసలు సంగతి అడిగేస్తుంది. "నన్నెందుకు వెయ్యలేదండీ? ఒక్కసారైనా?"

"నువ్వెదురుగా ఉంటే బొమ్మెందుకే? లేనప్పుడు వేశాను. ఆ పీట ఒరగలేదు, నువ్వెళ్ళిన వైపు చూస్తోంది."

"ఆ ముక్క అప్పుడే చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"చెప్పడం చేతకాకే కదా వేసింది," అంటారాయన, అప్పటికే రైల్లో ఉన్నది ఆయన, ప్లాట్‌ఫారం మీద ఉండిపోయింది తను, రైలు కదులుతుంటే ఒళ్ళంతా అటే ఒరిగిపోతోంది, కాళ్ళు మాత్రం నీలం రంగులో కూరుకుపోయి రావడం లేదు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నపు ఎండ హాల్లోకి దిగింది. వరహాలమ్మ చాప మీంచి లేచి పటం దగ్గరికి వెళ్ళింది, దాన్ని రెండు చేతులా పట్టుకుని మేకు మీద సరిచేసింది. పీట మళ్ళీ ఒరిగింది. ఇన్నాళ్ళూ వాలిపోయి కనిపించిన పసుపు చార మాత్రం ఇప్పుడు నిటారుగా నిలబడింది, అడుగున కుంకుమ చుక్కలతో. అది పసుపు రాసిన వీధి గుమ్మం. పీట దానివైపే ఒరిగి ఉంది.

"ఇంత బెంగ పెట్టుకున్నారా!" అంది వరహాలమ్మ. పటాన్ని అలాగే ఉంచి, వీధి గుమ్మం వైపు చూస్తూ చాలాసేపు నిలబడిపోయింది.