నీళ్ళలోకి చూసిన డబ్బా

నేను పుట్టిన పొద్దున్న ఆకాశం మీద ఒక్క మరక లేదు. కొత్త రేకులా ఉంది. ఆ పోలిక నాది కాదు, నన్ను చేసిన మౌలా సాయిబుది. దుకాణం ముందు నిలబడి తలెత్తి చూసి, "దేవుడు ఇవాళ కొత్త రేకు పరిచాడు" అని, నన్ను ఒళ్ళోకి లాక్కుని కత్తెర పెట్టాడు.

నేను ఒక డబ్బాను. ఊళ్ళోకి వచ్చింది వేరుశనగ నూనెతో. నూనె అయిపోయిన డబ్బాకి ఆ రోజుల్లో పెద్ద ఆశలుండేవి కావు. నీళ్ళు మొయ్యడమో, బియ్యం దాచడమో, లేదంటే విప్పదీస్తే పాక మీద రేకుగా పడుకోవడమో. నాకు వేరే దారి దొరికింది. యూనివర్సిటీలో సముద్ర జీవుల గురించి చదువు చెప్పే జోగారావు మాస్టారు నన్ను సంకలో పెట్టుకొచ్చి, అడుగు కోసేసి అక్కడ అద్దం పెట్టమన్నాడు.

సాయిబుకి నవ్వు ఆగలేదు. "చిల్లి పడ్డ డబ్బాకి అతుకు వెయ్యమని వస్తారు మాస్టారూ. మంచి డబ్బాకి చిల్లి పెట్టమని వచ్చింది మీరొక్కరే."

"సముద్రంలోకి చూడ్డానికి సాయిబూ."

"పైనుంచి కనబడదా?"

"పైనుంచి నీళ్ళు కనబడతాయి. నీళ్ళలో ఉన్నది కనబడదు."

చెదలు తిన్న ఒక పటం లోంచి అద్దం తీశారు. గుగ్గిలం కరిగించి, నూనె కలిపి, అంచుల్లో పోశారు. రెండు పక్కలా తాడు కట్టారు. అప్పటినుంచి నాకు పైన నోరు, కింద కన్ను. అలాంటి పుట్టుక మనుషుల్లో ఉంటే మాట్లాడకుండా బతకడం కష్టమే. నేను బతికాను.

మాస్టారు నన్ను మొగలిరేవు తెచ్చాడు. అక్కడ సూరాడ మసేను అని కొత్తగా పెళ్ళయిన జాలరి, తన తెప్ప మీద మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకున్నాడు. తీరానికి కొంచెం దూరంలో నీళ్ళ కింద రాళ్ళున్న చోటు ఒకటుంది. వలలు చిరుగుతాయని అటు ఎవరూ పోరు. మాస్టారు తెప్ప మీద బోర్లా పడుకుని, నన్ను బెత్తెడు లోతుకి నొక్కి, నా నోట్లో మొహం పెట్టాడు. అలలు నా పక్కల్ని తట్టి తప్పుకున్నాయి. నా కన్ను తెరుచుకుంది.

అక్కడ రాళ్ళు పూశాయి.

ఇంతకంటే నాకు చెప్పడం రాదు. కొమ్మలు కొమ్మలుగా, గొడుగులు గొడుగులుగా, మడతపడ్డ చీరల్లా పరచుకుని ఉన్నాయి. మాస్టారు ఎంతసేపటికీ తల ఎత్తలేదు. ఎత్తాక ఆయన మొహం చుట్టూ నా అంచు గుర్తు పడింది. తరవాత మసేను చూశాడు. చూసి, "బావూ, మన కాళ్ళ కింద ఇన్నాళ్ళూ ఇదుందా?" అన్నాడు.

"వీటిని పగడపు దిబ్బలంటారు మసేనూ. రాళ్ళు కావు. ప్రాణమున్న పురుగులు కట్టుకున్న ఇళ్ళు."

"మరైతే కొత్తగా కట్టుకున్న పాకలోకి తొంగి సూసినట్టుంది. తప్పు కదా?" అని మసేను మళ్ళీ తొంగి చూశాడు.

అది మొదలు మసేనుకి అవి పూలరాళ్ళయ్యాయి. మాస్టారు రిపోర్టు రాసుకోడానికి వెళ్ళిపోతూ నన్ను మసేనుకే వదిలేశాడు. మసేను వేటకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి పూలరాళ్ళ మీద ఆగేవాడు. చేపల కోసం కాదు. ఊళ్ళో నవ్వేవారు. "మసేను మాట్నీకెళ్ళాడు, వలెత్తడానికి ఇంకా టైముంది" అనేవారు.

చూసింది ఆయన దాచుకోలేకపోయేది ఒక్క భార్య పైడమ్మ దగ్గరే. అన్నం ముందు కూర్చోగానే ఆవిడ అడిగేది. "ఏటి మావా, ఇవాళేటి సూసినావు?"

మసేనుకి రంగుల పేర్లు ఎక్కువ రావు. ఎదురుగా ఉన్న వంటే చూపించేవాడు. "గోంగూర రంగుదొకటి. ఆవపిండి రంగుది కొమ్ములేసింది. ఇంకో రాయుంది సూడూ, అచ్చం నీ పండుమిరప పచ్చడి మెత్తినట్టుంటాది."

"సంద్రంలో రోలెట్టి నూరినదెవత్తె?"

"గంగమ్మే."

"నాకూ సూపించు."

"ఆడోళ్ళు తెప్పెక్కకూడదే."

"మరి నీ గంగమ్మ ఆడది కాదేటి?"

 మసేను "ఒకనాడు ఎక్కిత్తాలే" అని అన్నం కలుపుకునేవాడు. సముద్రం మీద తినేటప్పుడు మొదటి ముద్ద గంగమ్మకని నీళ్ళలో వదలడం ఆయనకి అలవాటు. ఇంట్లో మొదటి ముద్ద పట్టుకుని అటూ ఇటూ చూసేవాడు, ఏ నీళ్ళలో వెయ్యాలో తెలీనట్టు. పైడమ్మ నోరు తెరిచేది. అందులో పెట్టేవాడు.

ఆ ఒకనాడు రాలేదు. మనుషులు ఆ మాటని ఎందుకు కనిపెట్టారో నాకు తెలుసు. అది ఏ వారమూ కాదు గనక ఎప్పుడూ తప్పిపోదు.

తెప్పలు పోయి ఇంజిన్ బోట్లు వచ్చాయి. చేపలు దూరం జరిగాయి, మనుషులూ వాటి వెనకే జరిగారు. పైడమ్మ ఒక వానాకాలం జ్వరంతో పోయింది. మసేను వేట మానేశాడు. కళ్ళకి పొర కమ్మింది. నన్ను పెరట్లో బోర్లించి కోడిపిల్లల్ని కప్పారు. అడుగున అద్దం ఉంది గనక పిల్లలకి ఎండ తగులుతుంది, గద్దకి అందవు. మంచి పనే. కాదనను. కానీ నీళ్ళలోకి చూడాల్సిన కన్ను ఆకాశంలోకి తిరిగింది. నా కిందకి ఎన్ని తరాల కోడిపిల్లలు వచ్చి పోయాయో. వాటిల్లో ఒక్కటీ నన్ను, ఏం చూశావని అడగలేదు.

అడిగే మనిషి ఒక వేసవిలో వచ్చింది. పేరు వినీల. పగడపు దిబ్బల మీద పరిశోధన చేస్తోంది. మసేను కొడుకు దాసు ఇంటి అరుగు మీద కూర్చుని, తను ఎలా వచ్చిందో చెప్పింది.

ఈ తీరంలో పగడాలున్నాయని ఆమె ఒక పుస్తకంలో చదివిందట. ఎవరు చూశారని వెతికితే ఆ పుస్తకం ఇంకో వ్యాసం పేరు చెప్పింది. ఆ వ్యాసం ఇంకోదాన్ని చూపించింది. ఇంటర్నెట్‌లో, లైబ్రరీలో, మూసేసిన గదుల్లో తవ్వుకుంటూ పోతే, కళ్ళారా చూసి రాసింది ఒక్కటీ లేదు. ఒకరిది చూసి ఒకరు రాసిందే. అన్నిటికీ అడుగున బూజు పట్టిన జోగారావు మాస్టారి రిపోర్టు దొరికింది. అందులో ఒక వాక్యం. మొగలిరేవు దగ్గర, స్థానిక జాలరి సాయంతో, అద్దం బిగించిన డబ్బా ద్వారా చూడడమైనది.

అన్ని పుస్తకాలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నిలబడితే, అన్నిటి కిందా నేనున్నాను. ఆ సమయానికి నా కింద కోడిపిల్లలున్నాయి.

"స్థానిక జాలరంటే ఎవులు?" అన్నాడు మసేను.

"మీరే తాతా."

"నాకో పేరుంది కదమ్మా."

వినీల తల దించుకుంది, రాసింది తనే అయినట్టు. అసలు సంగతి అప్పుడు చెప్పింది. కొత్త ఓడరేవు కట్టడానికి ఆ రాళ్ళున్న చోటే బండలు పోయబోతున్నారు. వాళ్ళ మ్యాపులో ఆ చోట ఒట్టి ఇసుక అని ఉంది. పాత రిపోర్టు చూపిస్తే, అది ఎప్పటిదో, ఇప్పుడుందని ఏమిటి ఆధారం అన్నారు. పూలరాళ్ళు ఇంకా బతికున్నాయని చూపించాలి. లేకపోతే వాటి మీదే బండలు పడతాయి.

"వల సిరిగే తావేనా? నాకు తెల్దేటి, తీసుకెళ్తాను" అన్నాడు దాసు. "అయ్యా, నువ్వుండు. నీకు ఎదరున్న మనిషే సరిగ్గా ఆనడు. కళ్ళాపరేసన్ సేయించుకోమంటే కత్తంటే బయ్యం. సంద్రంలో ఏటి సూత్తావు?"

"నాను సూడకపోతే, ఇయ్యే ఆ పూలరాళ్ళని ఎవులు సెప్తారురా?" అని మసేను కండువా భుజాన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఆకాశం మళ్ళీ కొత్త రేకులాగే ఉంది. కాకపోతే కాలిన రేకు. మసేను గాలి చూడ్డానికి రేవుకి వెళ్ళాడు. వినీల పెరట్లో నన్ను కడిగి, బోట్లకి పూసే జిగురు నా అంచుల్లో నింపుతోంది. దాసు భార్య కేరియర్ సర్దుతూ, "నీళ్ళు గంజిలా కాగిపోతన్నాయంట కదా, మీ పగడాలకేటీ కాదా?" అని అడిగింది.

వినీల చెయ్యి ఆగింది. "అదే నా భయం అక్కా. వాటి రంగు వాటిది కాదు. వాటిలో కాపురమున్న నాచుది. వాటికి తిండి పెట్టేదీ అదే. నీళ్ళు బాగా వేడెక్కితే ఆ నాచు వెళ్ళిపోతుంది. ఇవి తెల్లగా పాలిపోతాయి."

"సచ్చిపోతాయా?"

"వెంటనే కాదు. ఆకలితో కాచుకుని ఉంటాయి. నీళ్ళు చల్లబడితే రంగు తిరిగొస్తుంది. చల్లబడకపోతే లేదు."

దాసు భార్య కేరియర్‌లో పచ్చడి ఇంకాస్త వేసింది.

రేవులో ముసలివాళ్ళు నవ్వారు. "ఏటి మసేనూ, మళ్ళీ మాట్నీయా? టిక్కెట్టెంత?" ఆడపిల్ల బోటెక్కుతుంటే మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. కాలం మారింది. పైడమ్మకి కాస్త ఆలస్యంగా మారింది. మసేను చెయ్యి అందించి వినీలని ఎక్కిస్తూ పొర కమ్మిన కళ్ళతో ఆమె వెనక ఖాళీ ఇసుకలోకి చూశాడు, ఇంకొకరు ఎక్కాలన్నట్టు.

దాసు ఇంజిన్ ఆపాడు. బోటు ఊగి నిలిచింది. మసేను నన్ను రెండు చేతులా పట్టుకుని నీళ్ళలోకి దించాడు.

ఎన్నేళ్ళకి! ఆకాశం చూసి చూసి ఎండిపోయిన కన్ను. తడి తగలగానే అన్నీ గుర్తొచ్చాయి. గొడుగులు, కొమ్మలు, చీర మడతలు. ఆశగా తెరిచాను.

గొడుగులున్నాయి. కొమ్మలున్నాయి. చీర మడతలూ ఉన్నాయి. ఏదీ చోటు మారలేదు. అన్నీ తెల్లగా ఉన్నాయి. సున్నం వేసినట్టు, ఎముకలు ఆరబోసినట్టు.

మసేను చాలాసేపు చూశాడు. తల ఎత్తి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఆ రాళ్ళే. జోడు గొడుగులు, ఆ పక్కన వంకర కొమ్మ. అయ్యే. కానీ అంతా తెల్లగా అగుపడతంది తల్లీ. నా కళ్ళు బొత్తిగా పోయినట్టున్నాయి."

వినీల నన్ను అందుకుని పడుకుంది. ఆమె ఊపిరి నా రేకుకి తగిలింది.  చూపించడం నా పని. ఆ రోజు నాకు నా పని మీద అసహ్యం వేసింది.

ఆమె వెతికింది. జోడు గొడుగుల కింద నీడలో ఒక చోట, అరచెయ్యంత మేర, ఇంకా రంగుంది. పాత ఎరుపు. దాని దగ్గర నీలం చేపపిల్లలు రెండు కాపలా తిరుగుతున్నాయి. వినీల కర్రకి కట్టిన కెమెరా దించి దాన్ని ఫొటో తీసింది. తెలుపునీ తీసింది. బతికే ఉంది. ఆమె వెతికిన ఆధారం దొరికింది.

"సెప్పమ్మా," అన్నాడు మసేను. "రంగులున్నాయా?"

ఆమె నా నోట్లోంచి మొహం తీయలేదు.

"పచ్చడి మెత్తిన రాయుండాలి. ఉందా?"

"ఉంది తాతా" అంది. "అన్నీ ఉన్నాయి. ఎర్రగానే ఉంది."

ఒక్క ఆధారం కోసం ఇన్ని గదులు తవ్విన మనిషి, అరచేతి మేర ఉన్న నిజాన్ని రాయంతా పరిచేసింది. నేను ఆమెని తప్పుపట్టను. నాకు మాట వచ్చినా అదే చెప్పేవాణ్ణేమో.

మసేను మొహం విప్పారింది. "ఒరే దాసూ, ఆపరేసన్‌కి రాయించీరా. కళ్ళొచ్చాక మళ్ళీ వత్తాను. ఇన్నాళ్ళూ ఎందుకు బయపడ్డానో. అమ్మా, నువ్వూ వత్తావా?"

"వస్తాను తాతా."

"మా అయ్యకి ఇన్నాళ్ళూ నేను సెప్తే ఎక్కనేదు సూడు మేడమ్" అని దాసు సంబరంగా నవ్వాడు. అతను నాలోకి చూడలేదు. అతని చూపంతా బోటు మీదే.

ఇప్పుడు నేను దాసు ఇంటి చూరుకి వేలాడుతున్నాను. కోడిపిల్లలకి గంప కొన్నారు. మబ్బు పట్టినప్పుడల్లా ఊళ్ళో వాళ్ళు బట్టలు తీసుకుంటారు. నేను మాత్రం వాన పడనీ, పడనీ అనుకుంటాను. నీళ్ళు చల్లబడ్డాయో లేదో, బండలు ఆగాయో లేదో ఇక్కణ్ణుంచి తెలియదు. తెలిసింది చెప్పి ఊరుకుంటాను.

పూలరాళ్ళు చూసిన ఆ మధ్యాహ్నం నన్ను బోటు పక్కన తాడుకి కట్టి నీళ్ళలోనే ఉంచారు. ముగ్గురూ కేరియర్ చుట్టూ కూర్చున్నారు. చద్దన్నం, వేపిన ఎండు నెత్తళ్ళ చేపలు. చిన్న గిన్నె మూత మసేను తీశాడు.



గిన్నెని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. చెయ్యి చాపి దూరంగా పెట్టి చూశాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఏటయ్యా, పురుగేటైనా పడిందా?" అన్నాడు దాసు.

"నేదు" అన్నాడు మసేను. "పచ్చడి. ఎర్రగానే అగుపడతంది."

వినీల తీరం వైపు చూస్తోంది. మసేను ఆమె వైపు చూశాడు, తరవాత నావైపు చూశాడు. అన్నంలో పచ్చడి కలిపాడు. మొదటి ముద్ద పట్టుకుని, నీళ్ళలోకి వంగి, మెల్లగా వదిలాడు. అది గంగమ్మకో పైడమ్మకో నాకు తెలియదు.

ముద్ద విడిపోయి నా కంటి ముందు నుంచి దిగింది. ఎర్ర మెతుకులు ఒక్కొక్కటే ఆ తెల్లటి గొడుగుల మీద వాలాయి. నీలం చేపపిల్ల ఒకటి వచ్చి చూసి వెళ్ళింది.

పైన మసేను పచ్చడి గిన్నెని వినీల ముందుకి జరిపాడు. ఆమె వేసుకుంది. దాసు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నెత్తళ్ళు పంచాడు. ముగ్గురి చేతులూ ఒకే గిన్నెలోకి వెళ్తూ వస్తూ ఉన్నాయి.